మీరైతే కొంటారా?

మా తమ్ముడి యార్డులో పాత కార్లు కొనేవాళ్లకి ముందు తాళం ఇస్తారు, కాగితం తర్వాత. ఈ వరస వాడే కనిపెట్టాడు. తాళం చేతిలో పడ్డాక మనిషికి చెవులు పనిచెయ్యవని వాడి సిద్ధాంతం. ఆ పనిచెయ్యని చెవులకి కాగితం చదివి వినిపించడం నా ఉద్యోగం.

"బండిని చూసుకుని, నడిపి, తృప్తిపడి, ఉన్నది ఉన్నట్టుగా కొంటున్నాను. ఇంజనుకు గానీ గేర్లకు గానీ మరే భాగానికి గానీ అమ్మినవారు ఏ పూచీ ఇవ్వలేదు. ఇకమీదట బయటపడే ఏ లోపానికీ వారిది బాధ్యత కాదు."

ఇదంతా ఒక్క గుక్కలో చదివేదాన్ని. చదువుతుంటే కొన్నవాళ్ల చూపు కిటికీలోంచి బయటికి, అప్పుడే కడిగి నిలబెట్టిన బండి మీదికి పోయేది. నేను వేలు పెట్టిన చోట సంతకం పెట్టి వెళ్లిపోయేవాళ్లు. ఆరేళ్లలో ఒక్కరు కూడా నన్ను మధ్యలో ఆపలేదు. ఆ ఎండాకాలం ఒకావిడ ఆపింది.

ఆవిడ సంగతికి ముందు నా సంగతి కాస్త చెప్పాలి. మా ఆయన పోయాక తమ్ముడు వచ్చి, "నేనున్నానుగా అక్కయ్యా" అని నన్ను తన ఇంటికి తెచ్చుకున్నాడు. యార్డు వెనకే ఇల్లు. అంతకుముందు టైర్లు పెట్టుకునే గది ఖాళీ చేసి నాకిచ్చారు. టైర్లు పోయాయి గాని వాసన పోలేదు. వాడు మాట తప్పాడని అనను. తిండికీ బట్టకీ ఏనాడూ లోటు చెయ్యలేదు. మాట్లాడే మనిషే లేడు. యార్డులో అందరికీ నేను కాగితాల అక్కని. "అక్కా, ఆ ఫైలేదీ?" "అక్కా, ఇక్కడ స్టాంపు వెయ్యి." ఏమీ తోచక ఒకరోజు పొద్దుణ్ణించి సాయంత్రందాకా నేనెన్ని మాటలు మాట్లాడానో లెక్కపెట్టుకున్నాను. పూచీ కాగితం తీసేస్తే పంతొమ్మిది తేలాయి.

యార్డులో ఇంకో పద్ధతుంది. ఏ బండి వచ్చినా మెకానిక్ దాన్ని విప్పి చూసి, దాని రోగాలన్నీ పెన్సిలుతో ఒక అట్టముక్క మీద రాసి లోపలి అద్దానికి వేలాడదీస్తాడు. బాగుచెయ్యగలిగింది బాగుచేశాక, బండిని జనానికి చూపించే ముందు ఆ కార్డు తియ్యడం నా పని. వెనక తేదీ వేస్తాను. తమ్ముడు చూసి "చించెయ్" అంటాడు. కాగితం చింపడం నాకు చేతకాదు. మా ఆయన మందుల చీటీలు కూడా ఇంకా నా దగ్గరున్నాయి. కార్డులన్నీ తీసుకెళ్లి నా మంచం కింద బిస్కెట్ల డబ్బాలో పెట్టేదాన్ని.

ఆ చిన్న తెల్లకారు కార్డు మీద ఇలా ఉంది: "దూరం పోతే వేడెక్కుతోంది. హెడ్ గ్యాస్కెట్ పోయింది. రేడియేటర్లో లీకు మందు పోశాం. నెల ఆగుతుందేమో." గ్యాస్కెట్ అంటే ఇంజను రెండు ముక్కల మధ్య నీళ్లు కారకుండా ఆపే పలచటి రేకు. అది పోతే ఇంజను మొత్తం విప్పాల్సిందే. మందు పొయ్యడమంటే పుండు మీద పౌడరు అద్దడమే.

అలాంటి బండ్లని తమ్ముడు పొద్దున్నే చూపించేవాడు. "ఎండలో మీకెందుకండీ శ్రమ, ఏడింటికల్లా వచ్చెయ్యండి" అని ఫోనులో మర్యాదగా చెప్పేవాడు. పొద్దుటి చల్లదనానికి రెండు వీధులు తిప్పితే ఏ ఇంజనూ వేడెక్కదు. పైన పటారం, లోన లొటారం.

ఆవిడ ఏడుకి పది నిమిషాల ముందే వచ్చింది. తెల్ల బూట్లు, భుజాన బరువైన సంచి, యాభైకి కాస్త అటూ ఇటూ వయసు. ఒక క్లినిక్ తరఫున ఇళ్లకి వెళ్లి మంచాన పడ్డవాళ్లకి కట్లు మార్చే, సూదులిచ్చే నర్సు. బండి కిందికి వంగి చూసింది, వైపర్లు వేసి చూసింది, రెండు వీధులు తిప్పి తెచ్చింది. తమ్ముడు తాళం ఆమె చేతిలో పెట్టి నాకు కళ్లతో సైగ చేశాడు. నేను గుక్క తిప్పుకోకుండా మొదలెట్టాను.

"ఆగండాగండి" అని చెయ్యెత్తింది. "నెమ్మదిగా చదవండి. ఆపరేషన్లకి ముందు సంతకాలు పెట్టించే కాగితాలు నేనూ చదివినదాన్నే. ఎంత గబగబా చదివితే అందులో అంత విషయముంటుంది."

నెమ్మదిగా మళ్లీ చదివాను. నెమ్మదిగా చదివితే అది ఎంత దుర్మార్గంగా ఉంటుందో నాకూ అప్పుడే తెలిసింది.

"అంటే రేపు రోడ్డు మధ్యలో ఆగిపోతే మీకేం సంబంధం లేదన్నమాట" అంది తమ్ముడితో.

వాడు నవ్వేశాడు. "అది మామూలు రాతమ్మా. అందరి కాగితాల్లోనూ ఉండేదే. నేనున్నానుగా!"

ఆమె వాడి మొహం కాసేపు చూసింది. తర్వాత నావైపు తిరిగింది.

"మీరు చెప్పండి. మీరైతే కొంటారా?"

"కొంటాను" అన్నాను.

తమ్ముడికి భయపడి అన్నానని చెప్పుకోవచ్చు. కానీ వాడు అప్పుడు నావైపు చూడనే లేదు, బయట ఎవరితోనో చేతులూపుతూ మాట్లాడుతున్నాడు. ఒక మనిషి నన్ను మనిషిగా ఎంచి నా అభిప్రాయం అడిగింది. ఆ సంబరంలో, ఎదుటివాళ్లు వినాలనుకున్న మాట చెప్పేశాను. నాలుగు రోజుల ముందు కార్డు తీసి తేదీ వేసింది నేనే అన్న సంగతి గుర్తులేక కాదు.

"సరే, మీరు చెప్పారు కాబట్టి" అని ఆమె సంతకం పెట్టింది.

పదకొండో రోజు మధ్యాహ్నం ఆ తెల్లకారు ఒక లారీ వెనకాల తాడు కట్టించుకుని తిరిగొచ్చింది. ముందు మూత సందుల్లోంచి ఇంకా ఆవిరి వస్తోంది. ఆమె స్టీరింగు వదిలి దిగింది. జాకెట్టు వీపంతా చెమటతో తడిసిపోయి ఉంది. తమ్ముడు ఆమె నోరు విప్పకముందే ఫైలు తెప్పించి కాగితం ముందు పెట్టాడు.

"నేనున్నానుగా అన్నారు మీరు" అంది.

"ఉన్నానమ్మా, ఎక్కడికి పోయాను? కానీ ఆ మాట కాగితం మీద లేదు కదా. ఉన్నది ఉన్నట్టుగా అని ఉంది. కింద మీ సంతకముంది."

"ఉన్నది ఉన్నట్టుగా అంటే ఉన్నది నాకు చెప్పాలి కదండీ."

"నాకు తెలిస్తే చెప్పనా?"

ఆమె వాదన ఆపేసింది. కారు తాళం తీసి నా బల్లమీద పెట్టింది. "ఇది ఇక్కడే ఉంటుంది. నేను రోజూ వస్తాను. మీరు తేల్చేదాకా వస్తాను."

అన్నట్టే వచ్చింది. పొద్దుటి డ్యూటీ మా వైపు, సాయంత్రం డ్యూటీ ఊరికి అటు చివర. మధ్యలో బస్సు కోసం గంటకి పైగా ఆగాలి. బస్టాపు యార్డుకి ఎదురుగానే ఉంది గాని అక్కడ పిడికెడు నీడ లేదు. మా ఆఫీసు కిటికీ బయట రేకుల కింద, ఎప్పుడో ఒక వ్యానులోంచి ఊడదీసిన వెనక సీటు బెంచీలా వేసి ఉండేది. సరిగ్గా మూడింటికి వచ్చి దానిమీద కూర్చుని, "ఏం ఆలోచించారు?" అని తమ్ముణ్ణి అడిగేది. వాడు "చూద్దామమ్మా" అనేవాడు. నాలుగు రోజులు పోయాక మూడయ్యేసరికి వాడికి బయట ఏదో ఒక పని తగలడం మొదలైంది. ఇక అక్కడ మిగిలింది మేమిద్దరం.

మొదట మంచినీళ్లిచ్చాను. తాగి గ్లాసు ఇస్తూ నా మొహంలోకి తేరిపార చూసింది.

"మీమీద నాకు కోపం లేదక్కా. మీరు చదవమన్నది చదివారు. అంతే. మీ మొహం ఉబ్బినట్టుందేంటి? బీపీ ఎప్పుడు చూపించుకున్నారు?"

"నాకు బీపీయా? అడిగేవాళ్లుంటే కదా రావడానికి."

"అది అడిగి రాదు, చెప్పి పోదు. చెయ్యి ఇటివ్వండి."

సంచిలోంచి పట్టీ తీసి నా జబ్బకి చుట్టింది. మణికట్టు పట్టుకుని వాచీ చూసుకుంది. నా చెయ్యి ఇంకో మనిషి పట్టుకుని ఆరేళ్లయింది. ఆ అరనిమిషం నేను ఊపిరి బిగబట్టి కూర్చున్నాను. కళ్లలో నీళ్లు తిరిగితే ఎండ మీదికి నెట్టేశాను. ఆమె అంకె చూసి నన్ను చెడామడా తిట్టింది. మర్నాడు తనే మాత్రలు తెచ్చి, రోజూ పొద్దున్నే వేసుకోకపోతే ఊరుకోనంది. నన్ను అలా తిట్టేవాళ్లు కూడా చాలాకాలంగా లేరు.

ఆ తర్వాత మధ్యాహ్నం మూడు గంటల వేళే నా రోజైంది. కాగితాల పని రెండున్నరకల్లా ముగించేదాన్ని. మంచి చీరలు పెట్టెలోంచి బయటికొచ్చాయి. రెండు కప్పుల టీ పెట్టుకుని కిటికీ దగ్గర కాచుకునేదాన్ని. మాటలు లెక్కపెట్టబోయి, మొదటిరోజే రెండొందలు దాటితే వదిలేశాను.

"ఈ సీటు మీద కూర్చుంటే కారెక్కినట్టే ఉందక్కా" అనేది. "కదలదు, అంతే తేడా. నేను కొన్నది మాత్రం కదులుతుందా ఏంటి?"

ఆమె రోగులందరూ నాకు చుట్టాలైపోయారు. అందరికంటే ఎక్కువ మూడో అంతస్తు తాతగారు. ఒంటరి మనిషి, షుగరు, పాదం మీద పుండు. రోజు విడిచి రోజు కట్టు మార్చాలి. లేచి తలుపు తియ్యలేడు కాబట్టి, ఆమె కారు చప్పుడు వినగానే కిటికీలోంచి తాళంచెవి తాడు కట్టి కిందికి వదిలేవాడట. కారు ఆగిపోయాక ఆమె రెండు బస్సులు మారి వెళుతోంది.

"కట్టు మార్చడం ఒక పావుగంట పని. మిగతా పావుగంట ఆయన మాట్లాడాలి. బస్సులు పట్టుకుని తిరిగితే ఆ రెండో పావుగంట నాకు మిగలట్లేదు" అంది ఒకరోజు. "క్లినిక్ వాళ్లు నెలాఖరుదాకా చూస్తారట. బండి ఉన్నవాళ్లకే ఇళ్ల డ్యూటీ. లేకపోతే నన్ను వార్డులో వేస్తారు."

"వార్డయితే నీడపట్టునే కదా?"

"నీడ సంగతి సరే, తాతగారి దగ్గరికి ఎవరెళ్తారు? కొత్తపిల్లనెవర్నో పంపిస్తారు. ఆ పిల్ల కింద నిలబడి గంట కొట్టి, తలుపు తియ్యలేదని వెళ్లిపోతుంది."

మా ఇద్దరికీ పది అడుగుల దూరంలో ఆ తెల్లకారు దుమ్ము పట్టి నిలబడి ఉండేది. దాని కార్డు నా మంచం కింద ఉంది. ప్రతి సాయంత్రం డబ్బా తీసి చూసుకునేదాన్ని. రేపు ఇచ్చేద్దాం అనుకునేదాన్ని. తమ్ముడి అన్నం తింటున్నాను కదా, వాడికి ద్రోహం ఎలా చెయ్యను అని ఆగానంటే వినడానికి కాస్త గౌరవంగా ఉంటుంది. అది కాదు. కార్డు ఇస్తే గొడవ తీరిపోతుంది. గొడవ తీరితే ఆమె మూడింటికి రాదు. ఇంతకంటే పెద్ద కారణం నా దగ్గర లేదు.

ఒకరోజు భోజనాల దగ్గర తమ్ముడు ఒక కవరు బల్లమీద పడేశాడు. "వినియోగదారుల ఫోరంలో ఫిర్యాదు చేసింది ఆవిడ. విచారణకి ముందు మధ్యవర్తి పిలిచాడు. అక్కయ్యా, నువ్వూ రావాలి. కాగితం చదివి వినిపించానని చెప్తే చాలు. అబద్ధమేం కాదుగా?"

"కాదు. రెండుసార్లు వినిపించాను."

"ఇంకా మంచిది. ఆ కార్డు చించేశావుగా?"

"ఊఁ" అన్నాను. తేలు కుట్టిన దొంగలా కంచంలోకి తలొంచుకున్నాను. ఎదురుగా మరదలు నీళ్లు పోస్తూ పోస్తూ ఆగి, ఒకసారి నావైపు చూసింది.

ఆ వారమే బస్సుల వాళ్లు రెండు రోజులు పని ఆపేశారు. ఆ రెండు రోజులూ మూడు గంటల వేళ వచ్చి వెళ్లిపోయింది గాని ఆమె రాలేదు. చల్లారిన టీ నేనే తాగాను. మూడోరోజు వచ్చింది. సీటు మీద కూర్చుంది. టీ ముట్టుకోలేదు.

"తాతగార్ని ఆస్పత్రిలో చేర్చారు. కాలివేలు తీసేశారు."

"అయ్యో!"

"కట్టు మార్చాల్సిన రోజు దాటిపోయింది. ఈ ఎండకి చీము పట్టింది. ఫోను చేసి చెప్పాను, రాలేకపోతున్నాను, ఎవర్నైనా పిలిపించుకోండని. ఆయనకి ఎవరున్నారు పిలిపించుకోడానికి?"

"ఇందులో మీ తప్పేముందమ్మా?"

"తప్పని కాదు." ఆమె తన బూట్ల వైపు చూసుకుంటూ కూర్చుంది. "రెండు రోజులూ తాళంచెవి చేతిలో పట్టుకుని కిటికీ దగ్గరే ఉన్నాడట. పక్కింటావిడ చెప్పింది."

ఆ కారు తిరిగొచ్చిన రోజే కార్డు ఇచ్చి ఉంటే ఈపాటికి ఆమెకి ఇంకో బండి ఉండేది. ఆయన కాలికి వేలుండేది. లెక్క అంత సూటిగా ఉంది.

"మీతో చెప్పుకుంటే కాస్త తేలికపడ్డాను. మీరూ లేకపోతే నేను ఈ పాటికి మీ యార్డు తగలబెట్టేదాన్ని" అని నవ్వబోయింది. బస్సొచ్చింది. లేచి వెళ్లిపోయింది. సిగ్గు విడిచి చెప్తున్నాను, అప్పుడు కూడా నేను చెప్పలేదు. ఆమె నాతో చెప్పుకుని తేలికపడిందన్న మాటని పట్టుకుని ఆ సాయంత్రమంతా కూర్చున్నాను. కాసేపు అది నాకు సంతోషంగా కూడా ఉంది. ఆ సంతోషం చూసి నామీద నాకే అసహ్యం వేసింది. మర్నాడు మధ్యవర్తి దగ్గరికి వెళ్లాలి. కార్డు తీసి చేతిసంచిలో పెట్టుకున్నాను.

మధ్యవర్తి గది చిన్నది. ఒక బల్ల, నాలుగు కుర్చీలు, కిరకిరమనే ఫ్యాను. ఆయన మా కాగితం చదివి కళ్లజోడు పైకి తోశాడు.

"సంతకం మీదేనా?"

"నాదేనండి" అంది నర్సమ్మ.

"ఇది చదివి వినిపించారా?" అని నన్నడిగాడు.

"వినిపించాను. ఒకసారి గబగబా, ఒకసారి నెమ్మదిగా."

ఆయన తమ్ముడి వైపు తిరిగాడు. "చూడండి, ఈ వాక్యం మీకు తెలియని లోపాల నుంచి మిమ్మల్ని కాపాడుతుంది. తెలిసి దాచినదాని నుంచి కాపాడదు. అమ్మేటప్పటికి ఇంజను సంగతి మీకు తెలుసా?"

"తెలీదు సార్. తెలిస్తే చెప్పనా?"

ఆయన రాసుకోబోయాడు. నేను సంచి తెరిచి కార్డు తీసి బల్లమీద పెట్టాను.

"ఇది ఆ కారుకి వేలాడిన కార్డండి. మా మెకానిక్ రాసింది. వెనక తేదీ నేను వేశాను."

"అక్కయ్యా" అన్నాడు తమ్ముడు. అంతే అన్నాడు.

మధ్యవర్తి చదివి కార్డుని ఆమె ముందుకి జరిపాడు. ఆమె చదివింది. మొహం విప్పారింది. నావైపు తిరగబోతూ, చేతిలో కార్డు తిప్పి వెనక చూసింది. తేదీ చూసింది. అది బండి కొన్న రోజుకి నాలుగు రోజుల ముందుది. ఆమె మొహం మీద నవ్వు కాసేపు అలాగే ఉండిపోయింది, తియ్యడం మర్చిపోయినట్టు.

బండి తిరిగి తీసుకుని, వారంలోగా రాజీ పత్రం రాసుకుని తెమ్మని ఆయన చెప్పాడు. తమ్ముడు ముందే బయటికి నడిచాడు. వరండాలో ఆమె నా కోసం ఆగింది.

"మొదటిరోజు మీకు బీపీ చూశానే, అప్పటికి ఇది మీ దగ్గరుందా?"

"ఉంది."

"తాతగారి సంగతి చెప్పినప్పుడు?"

"ఉంది."

"మీ తమ్ముడంటే భయమా?"

ఆ ప్రశ్నతో ఆమె నాకోసం తలుపు తెరిచి పట్టుకుంది. అవునంటే చాలు, లోపలికి రానిచ్చేది. ఇంకోసారి ఆమెకి అబద్ధం చెప్పలేకపోయాను.

"కాదు. గొడవ తీరితే మీరు రావడం మానేస్తారని."

ఆమె సంచి పట్టీ సరిచేసుకుంది. "మాత్రలు మానకండి" అని మెట్లు దిగి వెళ్లిపోయింది.

తమ్ముడు ఇంటిముందు బండి ఆపి, స్టీరింగు మీదనుంచి చేతులు తియ్యకుండా, "నువ్వు ఎవరి మనిషివి అక్కయ్యా?" అని అడిగాడు. కోపంగా అడగలేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగాడు.

ఆ పూట భోజనం నా గదికే వచ్చింది. మరదలు కంచం బల్లమీద పెట్టి వెళ్లకుండా గుమ్మంలో నిలబడింది.

"మీ తమ్ముడికి నేను నచ్చజెప్తాను లెండి, వదినా. కానీ ఒకటి అడుగుతాను. మూడింటికి రోజూ వంటింటి కిటికీలోంచి మిమ్మల్నిద్దర్నీ చూసేదాన్ని. నవ్వుకుంటూ టీ తాగేవాళ్లు. ఒక్కరోజైనా మూడో కప్పు పెడతారేమో అనుకున్నాను. ఆరేళ్లుగా నేనూ ఆ వేళకి ఒక్కదాన్నే కదా తాగుతున్నది."

ఇంట్లో నాతో మాట్లాడేవాళ్లు లేరని ఆరేళ్లు ఏడ్చాను. ఆ గది తలుపు లోపలినుంచి వేసుకున్నది నేనేనని ఒక్కసారీ తోచలేదు. అయినా చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం? వానలు మొదలయ్యేలోగా వేరే గది చూసుకుని వెళ్లిపోయాను. తమ్ముడు ఉండమనలేదు, పొమ్మననూ లేదు. మరదలు ఎప్పుడైనా వస్తుంది. మాకు మాటలింకా సరిగ్గా కుదరలేదు. అలవాటు లేని పని కదా.

యార్డులో నేను చేసిన ఆఖరి పని ఆ రాజీ పత్రం. "రాసేదానివి నువ్వే కదా, రాయి" అన్నాడు తమ్ముడు. రాశాను. ఆరోరోజు మూడింటికి ఆమె వచ్చింది. సీటు మీద కూర్చోలేదు. నేరుగా ఆఫీసులోకి వచ్చి నా బల్ల ముందు నిలబడింది. టీ పెట్టి ఉంచాను. దానివైపు చూడలేదు. తాతగారెలా ఉన్నారని అడిగితే, "నడుస్తున్నారు" అంది. తమ్ముడు డబ్బు కవరు అందించాడు, ఆమె సంచిలో పెట్టుకుంది. అన్నీ ముందు అయిపోయాయి, ఎప్పటిలాగే చదవడం చివరికి మిగిలింది.

మెల్లిగా చదివాను. నా జీవితంలో ఏ కాగితమూ అంత మెల్లిగా చదవలేదు. ఒక్కో మాట దగ్గరా ఆగాను.

"బండిని అమ్మినవారు తిరిగి తీసుకున్నారు. కొన్నవారికి చెల్లవలసినది చెల్లింది. ఇకమీదట ఇరువురిలో ఎవరికీ, ఎదుటివారి మీద, ఏ విధమైన హక్కు గానీ, ఏ విధమైన బాధ్యత గానీ లేదు."

చదివి, కాగితం మీదనుంచి తలెత్తకుండా ఆగాను. చెయ్యెత్తి "ఆగండి, మళ్లీ చదవండి" అంటుందేమోనని.

ఆమె పెన్ను తీసుకుని, నేను వేలు పెట్టకముందే ఎక్కడ పెట్టాలో తనే చూసుకుని సంతకం పెట్టేసింది.

ఆ రోజు బస్సు చాలా ఆలస్యంగా వచ్చింది. అది వచ్చేదాకా ఆమె రోడ్డుకి అవతల, ఎండలోనే నిలబడింది.